పండ్ల పులావు, బొక్కల నీళ్ళు

మా పెద్దమ్మ ఎలీషమ్మ చేతి వంట తిన్నవాళ్ళు ఆమె నోటి దురుసును క్షమించేవాళ్ళు. తిననివాళ్ళు పొగరుబోతు అనేవాళ్ళు. ఇద్దరి మాటా నిజమే. మేడ్చల్ స్టేషను వెనక మా క్రైస్తవుల వాడలో ఉండేది. పొద్దున బండెక్కి అల్వాల్‌లో దిగి, కంటోన్మెంటులో ఒక దొర బంగ్లాలో వంట చేసి, సాయంత్రం బండికి తిరిగొచ్చేది. మా పెద్దబాపు యోబు రైలు పట్టాల గ్యాంగులో కూలీ. "నేను ఎండల వడి పట్టాలు సక్కగ జేస్తె, గీమె దొరసాని లెక్క వాటి మీద తిరుగుతది" అని ఆటపట్టించేవాడు. ఆమె ఊరుకునే రకమా? "గా పట్టాలు సక్కగ లేకనే బండి రోజూ లేటు" అనేది.

ఈ సంగతి ఆమే నాకు చెప్పింది, తను బాగా ముసలిదయ్యాక. మామూలుగా ఆమె ఏ గొడవ గురించి చెప్పినా చివరికి గెలిచేది తనే. ఇందులో మాత్రం తనను తాను ఎక్కడా వెనకేసుకు రాలేదు. అందుకే నమ్మాను.

బంగ్లాలో ఆమెకంటే ముందు ఒక ముసలి ఖాన్సామా ఉండేవాడు. పులావు ఆయన దగ్గరే నేర్చుకుంది. పులావులో ముక్క ఉన్నా లేకున్నా నడుస్తుంది కానీ యఖ్నీ లేకపోతే అది వట్టి అన్నమే అని ఆయన చెప్పేవాడట. యఖ్నీ అంటే బొక్కల నీళ్ళు. మేక బొక్కలను అల్లం, వెల్లుల్లి, ధనియాలు, సోంపుతో కలిపి గుడ్డలో మూట కట్టి, నీళ్ళలో వేసి సన్నని మంట మీద ఉడకనిస్తారు. సారమంతా దిగాక మూట తీసి పారేస్తారు. ఆ నీళ్ళలోనే బియ్యం ఉడుకుతుంది. చూస్తే ఏమీ కనబడదు. మా పెద్దమ్మకు ఏళ్ళ తరబడి అది ఎంత అలవాటైపోయిందంటే, ఆ నీళ్ళను ఆమె ఉప్పుతో, పసుపుతో కలిపే లెక్కేసుకునేది. గిన్నెలో ముక్క ఉంటే అది నీసు. లేకపోతే కాదు. మా వాడలో ఎవరిని అడిగినా అదే మాట అనేవాళ్ళు, మాకేం పట్టింపు గనక?

పట్టింపు ఉన్నది దుర్గాబాయికి. ఆమెది మా వాడ పక్క సందు. మొగుడు చనిపోయాడు, ఒక్కడే కొడుకు, లింగం. మోదుగాకులు తెచ్చి విస్తర్లు కుట్టి అమ్ముకుని బతికేది. వాళ్ళు మైసమ్మను కొలిచేవాళ్ళు, మేము ఏసును. కానీ సాయంత్రం పెద్దమ్మ బండి దిగి ఇంటికొచ్చేసరికి ఆమె మా అరుగు మీద ఆకులు పరచుకుని కూర్చుని ఉండేది. "గా ఎలీషమ్మ అరుగు మీదనే నీకు ఆకు కుదురుతదా?" అని వాళ్ళ వాళ్ళు అడిగితే, "గాలి మంచిగొస్తది" అనేది. మా అరుగుకు గాలి ఎప్పుడూ రాలేదు. ఎదురుగా గోడ.

లింగం పల్టన్లో చేరాడు. యుద్ధం మొదలయ్యాక వాళ్ళను ఓడలెక్కించి మలయా పంపారు. ఆ తర్వాత సింగపూరు జపానువాళ్ళ చేతిలో పడిందని ఊళ్ళో చెప్పుకున్నారు. పిల్లవాడు బతికున్నాడా, ఖైదులో ఉన్నాడా, ఎవరికీ తెలియదు. దుర్గాబాయి నడుచుకుంటూ గండిమైసమ్మ దాకా పోయి మొక్కుకుంది, కొడుకు ఇంట్లో కాలు పెట్టేదాకా నీసు ముట్టనని. వాడు రాగానే అమ్మవారికి మేకపోతు, ఆ తర్వాతే తన నోటికి ముక్క. వారంలో ఒక్కనాడైనా తలకాయ కూరో ఎండుచేపో లేనిదే ముద్ద దిగని మనిషి, అప్పటి నుంచి జొన్నగటక, పచ్చిపులుసు మీద బతికింది. ఎముకలు తేలిపోయాయి.

ఆకులు కుడుతూ ఆమె ఒకటే ముచ్చట చెప్పేది, లింగం ముచ్చట. చిన్నప్పుడు బండి కూతకు జడిసి నీళ్ళ గాబులో దాక్కున్నాడు. మామిడిటెంక పాతిపెట్టి, మర్నాడు చెట్టు రాలేదని తవ్వి చూసి ఏడ్చాడు. పల్టనుకు పోయేనాడు తల్లి కట్టిన రొట్టెల మూట తలుపు వెనకే మరచిపోయాడు. వేరేవాళ్ళ దగ్గర ఈ మాటలు ఎత్తితే, పాపం అని లేచిపోయేవాళ్ళు, లేదంటే ఇంకా ఆశేంది అన్నట్టు చూసేవాళ్ళు. పెద్దమ్మ ఒక్కతే వినేది. ఆ ముచ్చట్లు ఆమెకు ఎంత కంఠస్థమంటే, దుర్గాబాయి సగంలో ఆపితే మిగతా సగం తను పూర్తి చేసేది.

అది నలభై మూడో సంవత్సరం క్రిస్మస్. బియ్యం దొరకని కాలం. పండించినవాళ్ళ దగ్గర సర్కారు లెవీ కింద ధాన్యం గుంజుకుపోయేది, కొనేవాళ్ళకు అంగట్లో నూకలు కూడా దొరికేవి కావు. అయినా మా చర్చి ఆడవాళ్ళు పిడికెడు బియ్యం మానలేదు. వండబోయేముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుని పేరిట కుండలో వేయడం, ఆదివారం ఆ కుండ చర్చికి తేవడం మా ఆచారం. తమకే చాలని ఇళ్ళలో కూడా ఆ పిడికెడు పక్కకు తీసేవాళ్ళు. ఆ ఏడు పాదిరి సాలోమోను అయ్యగారు, ఆ బియ్యంతో పండుగ నాడు అందరం ఒక్క పంక్తిన తిందామన్నాడు. వండే పని ఎవరిదో అడగాల్సిన అవసరమే లేదు.

అదే వారం దొరసాని పండుగ కానుకగా పెద్దమ్మకు ఒక డబ్బా ఇచ్చింది. నిండా కిస్మిస్, బాదం, ఎండు ఖుబానీలు. పెద్దమ్మ ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని బండిలో వస్తూ, ఆ పులావుకు జనం ఏమంటారో దారి పొడుగునా ఊహించుకుందట. పొగడ్త అంటే ఆమెకు ప్రాణం. అందరికీ ముక్కలు వేయాలంటే మేకలు కావాలి, అది జరిగే పని కాదు. బొక్కలైతే అల్వాల్ కసాయి అంగట్లో అడిగితే ఇస్తారు. బొక్కల నీళ్ళు, పైన ఎండు పండ్లు. అంతే, పులావు కుదిరిపోయింది.

కానీ ఆ బియ్యం మామూలు బియ్యమా? ఒక ఇంటి పిడికెడు పాతది, ఒక ఇంటిది కొత్తది, ఒకటి ఎర్రది, ఒకటి సగం నూక. ఒక్క గిన్నెలో వేస్తే కొన్ని గింజలు జావైపోతాయి, కొన్ని పలుకు మిగులుతాయి. పెద్దమ్మ ముందురోజు పగలంతా కూర్చుని చెరిగింది, నూకలు తీసింది, పాత బియ్యం ముందు నానబెట్టి కొత్త బియ్యం తర్వాత కలిపింది. పండుగ నాడు చర్చి వెనక మూడు రాళ్ళ మీద పెద్ద గంజు ఎక్కించి, నేతిలో ఉల్లిగడ్డ ఎర్రగా వేయించి, షాజీర, లవంగాలు, దాల్చినచెక్క, యాలకులు వేసింది. బియ్యాన్ని అందులో ఒక తిప్పు తిప్పి బొక్కల నీళ్ళు పోసింది. నీళ్ళు ఇంకుతుండగా ఖుబానీలు ముక్కలు కోసి వేసి, మూత మీద నిప్పులు పరిచింది. బాదం, కిస్మిస్ విడిగా వేయించి చివర్న చల్లింది. ఖుబానీ గింజలు పిల్లలకు పారేస్తే, వాళ్ళు రాళ్ళతో పగలగొట్టి లోపలి పప్పు తింటూ గంజు చుట్టే తిరిగారు. బొక్కల మూట అప్పటికే కుక్కల పాలైంది.

దుర్గాబాయి విస్తర్ల కట్టలు తెచ్చింది అప్పుడే. కట్టలు దింపి, చెమట తుడుచుకుని, వెళ్ళిపోకుండా నిలబడింది. మూత తీయగానే వచ్చిన వాసనకు ఆమె కళ్ళు మూసుకుంది. మనిషి ఎన్నాళ్ళ ఆకలి మీద ఉందో ఆ ముఖం చూస్తే తెలిసిందని పెద్దమ్మ అనేది.

"దుర్గక్కా, కూసో. తిని పో" అంది పెద్దమ్మ.

"నాకు మొక్కున్నది గద చెల్లే. ముక్కలేసినవా దాంట్ల?"

"ఒక్క ముక్క లేదు. జూడు, అంత పండ్లే."

ఆ మాట అన్న మరుక్షణమే ఆమెకు కుక్కలు లాక్కుపోయిన మూట కళ్ళ ముందు కదిలింది. అబద్ధం ఆడాలని ఆడలేదు. కానీ అబద్ధమని తెలిశాక కూడా నోరు తెరవలేదు. దుర్గాబాయి అప్పటికే చర్చి గోడ చాటున, వాళ్ళ వాళ్ళ కంట పడకుండా, విస్తరి ముందు పెట్టుకుని కూర్చుంది. పెద్దమ్మ గరిట ఎత్తి పట్టుకుని నిలబడింది. వద్దక్కా, ఇందులో బొక్కల నీళ్ళు పోశాను అంటే అయిపోయేది. ఆకలి మనిషి ముందు నుంచి విస్తరి ఎలా లాగనని మనసు అంది. అది సగమే నిజం. మిగతా సగం, ఈ పులావు దుర్గక్క తినకపోతే ఎట్లా అని. అందరికంటే ఆమె నోటి నుంచే పొగడ్త వినాలని ఉంది. గరిట వంచింది.

దుర్గాబాయి తింది. ముద్ద ముద్దకూ ఆగి తింది. కిస్మిస్ దొరికితే పక్కకు జరిపి చివరికి దాచుకుంది. "ముక్క లేకుంటనే గింత రుచి ఎట్లొస్తదే! నీ చేతుల ఏమున్నదో ఏమో చెల్లే" అంది. మా పెద్దమ్మ జీవితంలో విన్న అన్ని పొగడ్తల్లోకీ పెద్దది అదే. అది విని ఆమె ముఖం మాడిపోయింది.

ఆ రోజు మా పెద్దమ్మ తన పులావు తను తినలేదు. వాడంతా మెచ్చుకున్నారు, అయ్యగారు ప్రార్థనలో ఆమె చేతులను దీవించమని దేవుణ్ణి అడిగాడు. అందరూ ఆమేన్ అన్నారు. ఆమె అనలేకపోయింది.

అప్పటి నుంచి ఆమెకు మనశ్శాంతి లేదు. చెప్పేద్దామని రోజూ అనుకునేది. బండి దిగి అరుగు దగ్గరికి వచ్చేసరికి దుర్గాబాయి ఆకు కుడుతూ, "నా మొక్కు గట్టిది చెల్లే. నోరు కట్టుకున్న, ఇడిసిపెట్టలే. వాడు రాక ఏం జేస్తడు" అనేది. ఆమెకున్న ధైర్యమంతా ఆ మొక్కే. ఆ మొక్కు విరిగిందని చెబితే ఆమె ఏమైపోతుంది? చెప్పకపోతే తను ఏమైపోతుంది? కక్కలేక మింగలేక పెద్దమ్మ ఊ కొడుతూ కూర్చునేది.

తనలో తను వాదించుకునేది. మైసమ్మ రాయి, రాయికేం తెలుసు బొక్కల నీళ్ళ సంగతి? నిజమైన దేవుడు ఒక్కడే, ఆయన ఒక తల్లి తిన్న అన్నాన్ని బట్టి కొడుకును చంపుతాడా? ఈ వాదనలో ఆమె ఎప్పుడూ గెలిచేది, గెలిచినా నిద్ర పట్టేది కాదు. రాయికి తెలియకపోవచ్చు, తనకు తెలుసు కదా. పైగా దుర్గక్క నమ్మింది. ఆమె నమ్మకంలో తను చెయ్యి పెట్టి కలిపింది.

చివరికి ఆమె చేసిన పని వింటే మా అయ్యగారు చర్చిలోంచి వెళ్ళగొట్టేవాడు. దుర్గాబాయి మొక్కును తను ఎత్తుకుంది. ఎవరికీ చెప్పకుండా, ఏసు పటం వైపు చూడకుండా, లింగం తిరిగొచ్చేదాకా నీసు ముట్టనని మనసులో అనుకుంది. విరిగిన చోట తన వంతు కలిపితే మొక్కు అతుక్కుంటుందేమోనని ఆశ. ఆ ఆశకు ఆమే సిగ్గుపడేది. అటు మైసమ్మకూ ద్రోహం చేశాను, ఇటు ఏసుకూ ద్రోహం చేస్తున్నాను, ఇద్దరి దగ్గరా దోషినే అనుకునేది.

రోజూ మాంసం వండే మనిషి మాంసం రుచి చూడకపోతే వంట ఎట్లా సాగుతుంది? ఒకనాడు బంగ్లాలో కుర్మాలో ఉప్పు రెండుసార్లు పడింది, ఒకనాడు అసలు పడలేదు. దొరసాని గిన్నె వెనక్కి పంపింది. పెద్దమ్మ తోటమాలి గౌరయ్యను పిలిచి రుచి చూడమని పెట్టడం మొదలుపెట్టింది. గౌరయ్యకు ఆ ఉద్యోగం బాగా నచ్చింది. "ఉప్పు సరిపోయిందో లేదో ఒక్క ముక్కతోని తెలుస్తలేదు ఎలీషమ్మా, ఇంకోటి ఎయ్యి" అనేవాడు. కొన్నాళ్ళకు తోటలో వంగి కలుపు తీయడం కూడా అతనికి కష్టమైంది.

ఇంట్లో పెద్దబాపు ఊరుకుంటాడా? "ఏందే, బాపనోళ్ళల్ల కలుస్తున్నవా? నా పళ్ళెంల బొక్కేసి నీ పళ్ళెంల పప్పేసుకుంటున్నవు?" అన్నాడు. కడుపులో మంట అంది. పెళ్ళిళ్ళలో అయ్యగారు అడిగితే అదే మాట. ఒక అబద్ధాన్ని దాచడానికి పది అబద్ధాలు పుట్టాయి. పాపం పెద్దబాపు షామీర్‌పేట దాకా నడిచి ఒక నాటు వైద్యుని దగ్గర కడుపు మంటకు చూర్ణం తెచ్చాడు. ఆమె అది కూడా మింగింది. చేదుగా ఉన్నందుకు సంతోషించానని చెప్పింది.

అట్లా రెండేళ్ళు గడిచాయి. యుద్ధం ముగిసింది. ఖైదులో ఉన్న సిపాయిలను ఓడల్లో వెనక్కి తెస్తున్నారని కబురు వచ్చింది. దుర్గాబాయి ఇల్లు అలికింది, అమ్మవారికి మేకపోతును బేరం చేసి పెట్టుకుంది. పెద్దమ్మ బండి దిగినప్పుడల్లా ప్లాట్‌ఫారం మీద ఖాకీ బట్టలు కనబడతాయేమోనని వెతికేది.

ఒక సాయంత్రం కనబడ్డాయి. బక్కచిక్కిన మనిషి, ఒంటి మీద నిలవని ఖాకీ చొక్కా. ఆమెతోపాటే అల్వాల్‌లో బండెక్కాడు, మేడ్చల్‌లో దిగాడు. ఆమె దగ్గరికే వచ్చి అడిగాడు, "గీడ విస్తర్లు కుట్టే దుర్గాబాయి ఇల్లు ఏడ?" అని. పేరు భిక్షం, లింగం ఉన్న పల్టనే. అల్వాల్‌లో ఇల్లు. మంచి కబురా, చెడ్డ కబురా అని అడిగే ధైర్యం పెద్దమ్మకు రాలేదు. ముందు నడిచింది, అతను వెనక వచ్చాడు. అతను ఒక్కడే రావడంలోనే కబురు ఉందని ఆమెకు తెలుసు. తెలిసి కూడా, బతికే ఉన్నాడేమో, ఆస్పత్రిలో ఉన్నాడేమో అనుకుంటూ నడిచింది. నేనే చంపాను అనే మాట ఒకటి దారి పొడుగునా వెంట వచ్చిందట.

దుర్గాబాయి అరుగు మీదే ఉంది. ఖాకీ చొక్కా చూసి లేచి నిలబడింది. భిక్షం ఆమె కాళ్ళకు మొక్కి, అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"అవ్వా, లింగం లేడు. క్యాంపుల జరమొచ్చింది. మందు లేదు, తిండి లేదు. నా ఒళ్ళెనే పానమిడిసిండు" అన్నాడు.

దుర్గాబాయి ఏడవలేదు. విన్నది అర్థం కానట్టు అతని నోటి వైపు చూస్తూ ఉండిపోయింది. అరుగు మీద ఇంకెవరూ లేరు, పెద్దమ్మ తప్ప. అప్పుడు పెద్దమ్మ నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది:

"ఎప్పుడు?"

"దినాలు తెల్వయమ్మా గాడ. మా పల్టన్ల తురకోళ్ళు రంజాన్ నమాజ్ జేసుకున్నరు. అది అయినంక వారానికే పోయిండు."

"ఏ రంజాన్? మొన్నటిదా? పోయినేడుదా?"

"రెండూ గాదు. అంతకు ముందటిది."

పెద్దమ్మ మనసులో లెక్క తనంతట తనే జరిగిపోయింది. ఆ రంజాన్ అయిపోయిన మూడు నెలలకు కదా పులావు వండిన క్రిస్మస్ వచ్చింది. అంటే తను గరిట వంచేనాటికే లింగం లేడు. తన పులావు వాణ్ణి చంపలేదు. ఆ సంగతి తట్టగానే రెండేళ్ళుగా గుండెల మీదున్న బండ ఒక్కసారిగా దొర్లిపోయింది. హాయిగా ఊపిరి ఆడింది. "అమ్మయ్య" అనుకున్నాను బిడ్డా అని ఆమె నాతో చెప్పింది. ఆమె ఎదురుగా దుర్గాబాయి అప్పుడే కూలిపోయి ఏడుపు ఎత్తుకుంది. ఆమెను పట్టుకుని పెద్దమ్మ కూడా ఏడ్చింది. ఆ ఏడుపులో సగం సంతోషం. అది తనకు తెలిసి తన ఒళ్ళు తనకే అసహ్యమైంది.

బొక్కల నీళ్ళ తప్పు పొరపాటున మొదలైంది. ఈ తప్పుకు అట్లాంటి వంక ఏదీ లేదు. ఒక తల్లి కొడుకు ఎప్పుడు చనిపోయాడో విని, ముందే చనిపోయినందుకు ఆమె సంతోషించింది. ఈ సంగతి ఎవరితో చెప్పుకుంటుంది?

దీనికి తోడు దుర్గాబాయి ఊరంతా తిరిగి ఆమెను పొగడడం మొదలుపెట్టింది. "పరామర్శకు అందరొచ్చిన్రు. పాయె అన్నరు, పోయిండు అన్నరు. నా కొడుకు ఎన్నడు పోయిండని అడిగింది ఎలీషమ్మ ఒక్కతే. తల్లిని, నాకే అడగ తోచలే. గామె అడగబట్టి నా పిలగానికి ఒక దినమన్న దొరికింది" అనేది. ప్రతి ఒక్కరి దగ్గరా అదే మాట. విన్నవాళ్ళు పెద్దమ్మను చూసి చేతులు జోడించేవాళ్ళు. పొగడ్త అంటే ప్రాణమిచ్చే మనిషి, ఆ మాట వినబడితే సందు మారేది.

మేకపోతు బేరం వదులుకుంది దుర్గాబాయి. అందరూ ఇక మొక్కు తీరినట్టే, తిను అన్నారు. ఆమె వినలేదు. "వాడు ఇంట్ల కాలు వెట్టలే గద. మొక్కు అట్లనే ఉన్నది" అంది. సాయంత్రాలు మళ్ళీ మా అరుగు మీదకే వచ్చేది. ఇప్పుడు లింగం ముచ్చట్లు ఇంకా ఎక్కువయ్యాయి, బండి కూత, మామిడిటెంక, రొట్టెల మూట. భిక్షం చెప్పినవి కూడా కలిశాయి.

మరుసటి ఏడు రంజాన్ వానల్లో వచ్చింది. పండుగ అయిన రెండోనాడు దుర్గాబాయి ఆకులతోపాటు ఒక గుడ్డ మూట కూడా తెచ్చింది. మూట విప్పితే అందులో కొంచెం కిస్మిస్, నాలుగు ఖుబానీలు. సికింద్రాబాదు పోయి కొనుక్కొచ్చిందట. విస్తర్లు అమ్మే మనిషికి అవి ఎక్కడి మాటలు!

"చెల్లే, నువ్వు అడిగిపెట్టిన దినం వస్తాంది. వాని పేరు మీద ఒక ఆకు వెడత. గా మీ పెద్దపండుగ నాడు వండినవు జూడు, పండ్ల అన్నం, అదే వండు. నీసు లేదు గద దాంట్ల, వానికి వెట్టి నేను గూడ నోట్లేసుకుంట. గప్పటి సంది దాని రుచి నా నాలికె మీదనే ఉన్నది."

పెద్దమ్మ ఆ మూటను చూస్తూ కూర్చుంది. బొక్కల నీళ్ళు లేకుండా వండవచ్చు, వట్టి నీళ్ళతో వండి ఊరుకోవచ్చు. కానీ అప్పటి రుచి రాలేదేమని ఆమె అడిగితే ఇంకో అబద్ధం, అప్పటిలాగే వండితే తెలిసి తెలిసి రెండోసారి పాపం. ఇంతకాలం రాని మాట ఆ రోజు వచ్చింది. చెప్పడం ఇప్పుడు తేలికైంది కూడా. ఆ తప్పు ఇక ఎవరినీ చంపదని ఆమెకు తెలుసు. ఆ తేలికదనం కూడా తనకు రోతగానే ఉండిందని చెప్పింది.

"దుర్గక్కా, దాంట్ల బొక్కల నీళ్ళు వోసిన. మేక బొక్కలు. ముక్కలు లేవని జెప్పిన గని నీళ్ళ ముచ్చట జెప్పలే. ఎరుకుండి గూడ జెప్పలే. నీ మొక్కు నేనే ఇరగ్గొట్టిన. నన్ను దన్ను, తిట్టు, ఏమన్న జెయ్యి."

దుర్గాబాయి చేతిలో ఆకు అట్లాగే ఉండిపోయింది. ఆ తర్వాత తల ఊపింది.

"గందుకేనా గంత రుచిగున్నది" అంది. నవ్విందో ఏడ్చిందో పెద్దమ్మకు తెలియలేదు. "పోనీ తియ్యి చెల్లే. ఆకలి మీదున్నదని వెట్టినవు. నేను గూడ నోరు కట్టుకోలేకనే గద కూసున్న. అయినా గప్పటికి నా పిలగాడే లేడాయె. ఇంక మొక్కెక్కడిది, ఇరుగుడెక్కడిది? నీ తప్పేం లేదు. మాఫ్."

పెద్దమ్మ ఆమె చేతులు పట్టుకుని భోరుమంది. దుర్గాబాయి ఆమె వీపు నిమిరింది. నిమురుతూ నిమురుతూ చెయ్యి మధ్యలో ఆగింది.

"ఎలీషమ్మా" అంది. అంతవరకూ చెల్లే అని తప్ప పేరుతో పిలిచింది లేదు. "గందుకేనా నువ్వు గా దినం, ఏ రంజాన్ అని అడిగినవు?"

కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అబద్ధాలు ఆమెకు కొత్త కాదు, రెండేళ్ళు ఇంటినీ, చర్చినీ, బంగ్లానూ మోసం చేసిన మనిషి. కానీ ఆ ఒక్క మాట నోరు దాటలేదు. తల కూడా ఎత్తలేదు.

దుర్గాబాయి ఇంకేమీ అడగలేదు. ఆకులు సర్దుకుంది. కిస్మిస్ మూట ముడివేసి బొడ్డున దోపుకుంది. "వానొచ్చేటట్టున్నది" అని లేచి వెళ్ళిపోయింది. లింగం పేరున ఆకు ఆమె తన ఇంట్లో తనే వేసుకుంది, ఏం వండిందో పెద్దమ్మకు తెలియదు.

అట్లాగని వాళ్ళిద్దరూ మాటలు మానలేదు. దుర్గాబాయి ఆ తర్వాత కూడా మా అరుగు మీదికి వచ్చేది, ఆకులు కుట్టేది. మా అమ్మ పెళ్ళికి విస్తర్లన్నీ ఆమే ఇచ్చింది, పెద్దమ్మకు జరం వస్తే జావ కాచి పోసింది. ఆకుల ధర గురించి, వానల గురించి, గౌరయ్య బొజ్జ గురించి మాట్లాడుకుని నవ్వుకునేవాళ్ళు. దుర్గాబాయి బతికున్నన్ని రోజులూ పెద్దమ్మ ఎదురుచూసింది. కానీ లింగం ముచ్చట మాత్రం దుర్గాబాయి మళ్ళీ ఎప్పుడూ ఆమె దగ్గర ఎత్తలేదు.